లంకమల ఎండకముందే ఊళ్లో చెప్పాల్సిన అగ్గి జాగ్రత్తలు

ఫిబ్రవరికల్లా కడప వైపు లంకమల, పాలకొండల అడవుల్లో ఆకు రాలి, బోద గడ్డి నిలువునా ఎండిపోతుంది. శివరాత్రి కూడా ఇంచుమించు అప్పుడే, జనం లంకమల్లేశ్వరుడి దగ్గరికి అడవిలోంచే పోతారు. మన కొండల్లో అగ్గి దానంతటది పుట్టేది తక్కువ, మనిషి చేతిలోంచి జారిందే ఎక్కువ. కాబట్టి చాటింపు జనవరిలోనే మొదలవ్వాలి. ఏప్రిల్‌లో కొండ అంటుకున్నాక కట్టే బ్యానరు ఎవరి కోసం?

బడిపిల్లలతో ప్రతిజ్ఞ చేయిస్తే ఫొటో బాగానే వస్తుంది. కానీ అడవిలోకి పోయేది కాపరులు, తేనె దించేవాళ్లు. ముందు వాళ్ల దగ్గరికి పోవాలి.

కాపరితో కేసుల మాట ఎత్తి మొదలుపెట్టొద్దు. రిజర్వు ఫారెస్టులో నిప్పు పెడితే 1967 నాటి రాష్ట్ర అటవీ చట్టం కింద నేరమని వాళ్లకూ తెలుసు. పాత బోద కాలిస్తే వానకు లేత గడ్డి వస్తుందనేది వాళ్ల లెక్క, అది ఉత్త అబద్ధమేమీ కాదు. అయితే మార్చిలో కాలిస్తే వాన పడేది జూన్‌లో. "ఆ మూడు నెలలు జీవాలకు ఏం పెడతావన్నా?" అని అడగండి. మాడిపోయే ఎర్రచందనం మొలకల గురించి, అంతరించిందనుకున్నాక 1986లో రెడ్డిపల్లె దగ్గర మళ్లీ కనబడిన కలివికోడి పిట్ట గురించి ఆ తర్వాత చెప్పొచ్చు.

తేనెకు పొగ పెట్టిన కాగడాను నీళ్లలో ముంచాకే కదలాలి. భక్తులు దారిలో బీడీ, వంట రెండూ మానాలి. కర్పూరం గుడి దగ్గరే.

అడవి అంచున చేనున్న రైతు గట్టు మీద చెత్త కాల్చకుండా కలియదున్నడమే మేలు. కాల్చక తప్పకపోతే గాలి లేని పొద్దున, చుట్టూ దున్ని, బిందెలు పక్కన పెట్టుకొని కాల్చాలి. బూడిద పైకి తెల్లగా, చల్లారినట్టే ఉంటుంది. పుల్లతో కెలికితే లోపల ఎర్రగా నిప్పు! నీళ్లు పోసి, కెలికి, మళ్లీ పోసి, చెయ్యి వెనకవైపు దగ్గర పెట్టి చూడాలి. సెగ తగిలితే ఇంకా ఆరనట్టే. ఇది నోటితో చెబితే ఎక్కదు, గ్రామసభలో చేసి చూపించాలి.

మంట కనబడితే కొండ పైకి పరుగెత్తొద్దు, అది మనకన్నా వేగంగా ఎక్కుతుంది. పక్కకు తప్పుకొని బండల మీదికో, కాలిపోయిన చోటికో చేరాలి. సిగ్నల్ అందగానే 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయాలి. ఫారెస్టు బీట్ ఆఫీసరు నంబరు మాత్రం ఇప్పుడే రచ్చబండ దగ్గర గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.