బిట్‌కాయిన్ బ్లాకులను వరుస క్రమంలో ఎగుమతి చేయడం ఎలా?

బిట్‌కాయిన్ నెట్‌వర్క్‌లో పాల్గొనడానికి వాడే సాఫ్ట్‌వేర్ అయిన బిట్‌కాయిన్ కోర్ దాచుకునే బ్లాక్ ఫైళ్లు ఒక్కొక్కటి గరిష్ఠంగా 128 ఎంబీ ఉంటాయి గానీ, వాటిలోని బ్లాకులు వరుసలో ఉండవు. 2015లో వచ్చిన 0.10 వెర్షన్ నుంచి ముందుగా హెడర్లను (బ్లాకుల సారాంశాలను) తెచ్చుకొని, ఆపై బ్లాకులను అనేక పీర్ల (నెట్‌వర్క్‌లోని ఇతర కంప్యూటర్ల) నుంచి ఏకకాలంలో దించుకుంటున్నందువల్ల, ముందు అందిన బ్లాకే ముందు ఫైలులోకి చేరుతుంది. వాటిని వరుసలో పెట్టడానికి సోర్స్ కోడ్‌లోని కాంట్రిబ్ విభాగంలో లీనియరైజ్ అనే ఫోల్డర్, అందులో హ్యాషెస్, డేటా అనే రెండు పైథాన్ స్క్రిప్టులు ఉన్నాయి.

పని మొదలుపెట్టే ముందు మీ నోడ్ (బిట్‌కాయిన్ కోర్ నడుస్తున్న కంప్యూటర్) ప్రూనింగ్ (పాత బ్లాకులను తొలగించడం) లేకుండా పూర్తిగా సింక్ అయి ఉండాలి. మొత్తం చెయిన్ 600 జీబీకి పైనే కాబట్టి, ఎగుమతికి మరో అంత ఖాళీ స్థలం అవసరం.

ఫోల్డర్‌లోని నమూనా కాన్ఫిగ్ ఫైలును కాపీ చేసి, ఆర్‌పీసీ (బయటి ప్రోగ్రాములు నోడ్‌కు ఆదేశాలు పంపే మార్గం) యూజర్ పేరు, పాస్‌వర్డ్ (లేదా కుకీ ఫైలు ఉన్న డేటా డైరెక్టరీ), బ్లాకుల ఫోల్డర్, అవుట్‌పుట్ ఫైలు వివరాలను నింపండి. మెయిన్‌నెట్ (అసలు బిట్‌కాయిన్ నెట్‌వర్క్) మ్యాజిక్ సంఖ్య (ఫైలులో ప్రతి బ్లాకు ముందు ఉండే గుర్తు), జెనెసిస్ (మొట్టమొదటి బ్లాకు) హ్యాష్ (బ్లాకును గుర్తించే సంఖ్య) అందులో ముందే ఉంటాయి. గరిష్ఠ హైట్ (బ్లాకు వరుస సంఖ్య) మాత్రం 313000 అని రాసి ఉంటుంది. చాలామంది దాన్ని చూడకుండా వదిలేసి, ఎగుమతి సగంలోనే ఎందుకు ఆగిందా అని తల పట్టుకుంటారు. చెయిన్ కొసకు కొన్ని బ్లాకులు వెనక్కి ఉన్న సంఖ్యను అక్కడ ఇవ్వడం మేలు. కనిష్ఠ హైట్‌ను 0 గానే ఉంచండి, ఎందుకంటే జాబితాలో జెనెసిస్ కనిపించకపోతే రెండో స్క్రిప్టు పని మొదలుపెట్టదు.

నోడ్ నడుస్తుండగా హ్యాషెస్ స్క్రిప్టును నడిపి, అది ముద్రించే హ్యాష్‌లను ఒక టెక్స్ట్ ఫైలులోకి మళ్లించండి. అసలు క్రమమంతా ఈ జాబితాలోనే ఉంటుంది. డేటా స్క్రిప్టు చేసేది దానిని అనుసరించి బ్లాకులను నకలు చేయడమే. రెండో దశకు ఆర్‌పీసీ అక్కర్లేదు కనుక, నోడ్‌ను ఆపి నడిపితే సగం రాసిన ఫైలును చదివే ప్రమాదం ఉండదు. వరుస తప్పి ఎదురైన బ్లాకులను అది సుమారు 100 ఎంబీ మేరకు మెమరీలో నిలుపుకొంటుంది, అంతకు మించితే డిస్కు నుంచి మళ్లీ చదువుతుంది. మెమరీ పుష్కలంగా ఉంటే కాన్ఫిగ్‌లో ఈ పరిమితిని పెంచండి, ముఖ్యంగా పాత హార్డ్‌డిస్కుపై వేగంలో తేడా బాగా తెలుస్తుంది.

28.0 వెర్షన్ నుంచి కొత్తగా సింక్ చేసిన నోడ్‌లలో బ్లాక్ ఫైళ్లు ఎక్స్ఓఆర్ (బిట్లను మార్చే ఒక లెక్క) తాళంతో మరుగుపరచి ఉంటాయి. ఆ తాళాన్ని చదవలేని పాత స్క్రిప్టుకు మ్యాజిక్ సంఖ్యే దొరకదు. స్క్రిప్టును తెరిచి, అందులో ఎక్స్ఓఆర్ ప్రస్తావన ఉందో లేదో ముందే చూసుకోండి.

సిద్ధమైన ఫైలును మరో నోడ్‌కు లోడ్‌బ్లాక్ ఆప్షన్ ద్వారా అందించవచ్చు. ఆ నోడ్ ప్రతి బ్లాకునూ తన నియమాల ప్రకారం పరీక్షించాకే స్వీకరిస్తుంది.