శాలిహుండం, వంశధార, శ్రీకూర్మం, పొందూరు: ఒక్క రోజులో ఎలా చూడాలి

ఉదయం అయిదున్నరకు శ్రీకాకుళంలో బండి ఎక్కగలిగితేనే ఈ ప్రయాణం పెట్టుకోండి. ఏడు దాటాక బయలుదేరితే శాలిహుండం బౌద్ధ శిథిలాల కొండ మీద ఎండ ముదిరిపోతుంది, వంశధార నదిలో దిగే వేళ తప్పిపోతుంది, ఖాదీకి పేరున్న పొందూరు చేరేసరికి రాట్నాలు పక్కన పెట్టేసి ఉంటారు. గార మండలంలో ఇరవై ఆరేళ్లు సాంఘిక శాస్త్రం చెప్పాను. పదవీ విరమణ తరువాత చుట్టాలను, వారి స్నేహితులను, పాత విద్యార్థులను ఈ దారిలో ఎన్నోసార్లు తీసుకెళ్లాను. ఏది ముందు, ఏది తరువాత అన్నది తప్పులు చేసి నేర్చుకున్నదే.

ఈ వరుసకు ఒక రూపం వచ్చింది మా మేనకోడలి వల్ల. రెండేళ్ల క్రితం ఆమె మెక్సికోలోని యుకటాన్ ప్రాంతం చూసి వచ్చింది. పొద్దున చిచెన్ ఇట్జాలో మాయా ప్రజల పాత కట్టడాలు, ఎండ ముదిరే వేళకు సెనోటే అనే నీటి గుండంలో ఈత, ఆ తరువాత ఒక పల్లెలో మాయా ఇంటి భోజనం, అంతా ఒక్క రోజులోనే. యుకటాన్ నేల సున్నపురాయి. వాన నీరు ఆ రాతిని కరిగిస్తూ లోపలికి ఇంకిపోతుంది కాబట్టి పైన నదులు పారవు. నేల కింది గుహ కప్పు కూలిన చోట నీరు బయటపడుతుంది, అదే సెనోటే. మాయా ప్రజలకు అది తాగునీటి ఆధారమూ, దేవతల చోటూ. అందుకే అందులో దిగే ముందు ఒళ్లు శుభ్రంగా కడుక్కోవాలట, ఒంటికి రాసుకున్న లేపనాలేవీ నీటిలో కలవకూడదట. వెంట వచ్చిన గైడు తన ఊరివాళ్లతో మాయా భాషలోనే మాట్లాడాడని ఆమె రెండు మూడు సార్లు చెప్పింది. ఆమె చెబుతున్నంతసేపూ నాకు మా గార మండలమే కళ్ల ముందు తిరిగింది. పాత కట్టడం, దాని పాదాల దగ్గర నీరు, ఆ నీటి ఒడ్డున ఇంకా బతుకుతున్న మనుషులు మనకూ ఉన్నారు. మనం వాటిని ఒక్క తాడున గుచ్చి చూడలేదు, అంతే.

ముందు తోడు సంగతి చూసుకోండి. బండి నడిపే వ్యక్తి తోడు కాడు. శాలిహుండం ఊరిలో కొండ, నది రెండూ తెలిసిన పెద్దమనిషిని ఒకరిని ముందు రోజే మాట్లాడుకోండి. ఊరిలోని కిరాణా దుకాణంలో అడిగితే చాలు, ఎవరో ఒకరు దొరుకుతారు. సగం రోజు కూలి ఎంతో కనుక్కుని, దానికి కొంత కలిపి ఇవ్వండి, బేరమాడవద్దు. మనుషులు ఆరుగురికి మించకపోతే మంచిది. అంతకన్నా ఎక్కువైతే చివర నడిచేవారికి మాట వినపడదు. కాలం చెప్పాలంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు.

దారిలో మొదటిది అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడి. పట్టణాన్ని ఆనుకునే ఉంది కాబట్టి తెల్లవారుజామున దర్శనం చేసుకుని బయటపడవచ్చు. మార్చి 9 నుంచి 11 వరకు, అక్టోబరు 1 నుంచి 3 వరకు ఉదయపు కిరణాలు గోపురం దాటి వచ్చి మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. ఆ రోజుల్లో జనం విపరీతంగా ఉంటారు, మబ్బు పడితే కనిపించదు కూడా. చిచెన్ ఇట్జాలోని పెద్ద పిరమిడ్ మెట్ల మీద కూడా పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో సాయంత్రపు నీడ పాములా దిగుతుంది. నాలుగు వైపులా తొంభై ఒక్కటేసి మెట్లు, పైన ఒక అరుగు, అన్నీ కలిపితే 365. ఇక్కడా అక్కడా కట్టినవారు సూర్యుడిని ఏళ్ల తరబడి గమనించినవారే. ఈ పోలిక పిల్లలకు చెప్పి చూడండి, తూర్పు ఎటో వారే వెతుక్కుంటారు.

శాలిహుండం చేరేసరికి ఏడు, ఏడున్నర కావాలి. బండి కింద ఆపి నడిచి ఎక్కండి. చేతిలో నీళ్ల సీసా, కాళ్లకు పట్టు జారని చెప్పులు ఉంటే చాలు. ఎక్కుతున్నప్పుడు మొదట ఎవరికీ ఏమీ చెప్పను. పైకి చేరి వెనక్కు తిరిగితే వంశధార ఒక్కసారిగా కనిపిస్తుంది, ఇసుక తిన్నెలతో, మెరిసే పాయలతో. భిక్షువులు ఈ కొండనే ఎందుకు ఎంచుకున్నారన్న ప్రశ్నకు సమాధానం అక్కడే ఉంది. ఆ నది కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. పడవ మీద వచ్చే వర్తకుడికి, కాలినడకన వచ్చే యాత్రికుడికి ఇది అందుబాటులో ఉండే చోటు. ఊరి గొడవకు మాత్రం దూరం.

1919లో ఈ శిథిలాలను వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి. మనం మాట్లాడే భాషలోనే రాయాలని పోరాడిన మనిషి, సవరల మధ్య తిరిగి వారి భాషకు నిఘంటువు, వ్యాకరణం కూర్చిన మనిషి. జనం నోటి మాటను విన్న చెవే, జనం కాళ్ల కింది ఇటుకనూ గుర్తుపట్టింది. ఈ సంగతి తరగతిలో చెప్పినప్పుడు ఎవరికీ ఎక్కేది కాదు. కొండ మీద చెబితే ఒక్కరు కూడా మరిచిపోరు.

క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దం నుంచి క్రీస్తు శకం పన్నెండో శతాబ్దం దాకా ఇక్కడ బౌద్ధం నిలిచిందని తవ్వకాలు చెబుతున్నాయి. అంతకాలంలో బౌద్ధం ఎన్ని రూపాలు మారిందో అన్నీ ఈ ఒక్క కొండ మీద చూడవచ్చు. పై భాగంలో స్తూపాల పునాదులు, గుండ్రని చైత్యాలు అనే పూజా మందిరాలు, భిక్షువులు ఉన్న గదుల అడుగులు కనిపిస్తాయి. బొమ్మను పూజించని తొలి రోజుల పద్ధతి ఇది. ఆ తరువాత బుద్ధుడి విగ్రహం, ఇంకా తరువాత తార, మారీచి వంటి దేవతలు వచ్చారు. ఆ విగ్రహాలు మ్యూజియంలో ఉన్నాయి. కాబట్టి మొదట కొండ, తరువాత మ్యూజియం. తిరగేసి చూస్తే విగ్రహాలు ఊరికే నిలబెట్టిన రాళ్లలా కనిపిస్తాయి. అది తెరిచే రోజులు, వేళలు ముందే కనుక్కోండి.

చక్రం ఆకారంలో ఇటుకలు పేర్చిన స్తూపం దగ్గర మాత్రం తొందరపడవద్దు. నడుమ ఇరుసు, దాని నుంచి అంచుకు చాచిన ఆకులు, బయట పట్టీ, అచ్చంగా బండి చక్రమే. ఆకుల మధ్య ఖాళీని మట్టితో నింపేవారు. దానివల్ల ఇటుక ఆదా అవుతుంది, గుండ్రని కట్టడం బరువుకు పగలకుండా నిలుస్తుంది. ధర్మచక్రం అన్న భావమూ అందులోనే ఇమిడిపోయింది. నేను అందరినీ దాని చుట్టూ ఒకసారి మెల్లగా తిరగమంటాను. ఇటుకల మీద కాలు పెట్టకూడదు, పేరు గీయకూడదు, ఒక్క పెంకు ముక్క కూడా జేబులో వేసుకోకూడదు. చిచెన్ ఇట్జాలో ఇప్పుడు పిరమిడ్ ఎక్కనివ్వరు. ఇక్కడ ఆపే మనిషి ఎప్పుడూ ఉండకపోవచ్చు, అందుకే మనమే ఆగాలి. ఒకసారి ఒక ప్రయాణ సంస్థ వారి వాహనంలో వచ్చిన మా చుట్టాలను పన్నెండు గంటలకు కొండ దగ్గర దించి, ఇరవై నిమిషాల్లో వెనక్కు రమ్మన్నారు. వారు నీడ కోసం వెతుక్కుంటూనే తిరిగి వచ్చేశారు. కొండకు రెండు గంటలు ఇవ్వండి.

తొమ్మిదిన్నరకు నదిలోకి. ఇక్కడ నేను కఠినంగా ఉంటాను. వంశధార పైకి శాంతంగా కనిపిస్తుంది కానీ ఇసుక తవ్విన చోట నీటి కింద గోతులు ఉంటాయి. 2011 నవంబరులో మోకాలి లోతు నీటిలో నడుస్తున్న మా తమ్ముడి కొడుకు ఒక్క అడుగు తేడాలో మునిగిపోయాడు. దగ్గరలో వల సర్దుకుంటున్న ఒక జాలరి వెదురు గడ అందించి లాగకపోతే ఆ రోజు ఏమయ్యేదో తలుచుకోలేను. అప్పటి నుంచి నా పద్ధతి ఒక్కటే. ముందు తోడు వచ్చిన ఊరి మనిషి గడతో లోతు చూస్తూ నడవాలి, ఆయన ఎక్కడ ఆగితే అదే హద్దు. నడుము దాటి ఎవరూ వెళ్లరు, పిల్లలు పెద్దల చేయి వదలరు, ఒడ్డున ఒకరు తాడుతో కూర్చుంటారు. వానాకాలంలో, ఎగువన గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తిన రోజుల్లో అసలు దిగరాదు. కళింగపట్నంలో నది కడలిలో కలిసే చోట ఏ కాలంలోనూ దిగవద్దు, అక్కడి లాగుడు ఈతగాళ్లను కూడా వదలదు. తీరం నుంచి చూడటానికి మాత్రం చాలా అందమైన చోటు.

సెనోటే నియమం ఇక్కడికీ తెచ్చుకున్నాను. సబ్బు, షాంపూ, ఒంటి నూనె నదిలోకి తీసుకెళ్లనివ్వను. అవి లేకుండా చల్లని ధారలో పావుగంట కూర్చుంటే కొండ ఎక్కిన అలసట ఎటు పోతుందో తెలియదు. చీర కట్టుకునే ఆడవారు మారు బట్టలతో పాటు ఒక పాత దుప్పటి కూడా తెచ్చుకుంటే నలుగురు పట్టుకుని చాటు కల్పించవచ్చు. ఒడ్డునే ఫలహారం. నేను చోడి (రాగి) అంబలి క్యారేజీలో పట్టుకెళతాను, పక్కన పచ్చి ఉల్లిపాయ, మిరపకాయ. జనవరిలో అయితే ఉడికించిన తేగలు దొరుకుతాయి.

నదిలో మునిగి, పొడి బట్టలు కట్టుకుని గుడికి వెళ్లడం మన అలవాటే. అందుకే నది తరువాత శ్రీకూర్మం. విష్ణువు కూర్మరూపంలో పూజలందుకునే ఈ గుడిలో స్వామి పడమర ముఖంగా ఉంటాడు, ధ్వజస్తంభాలు రెండు. మంటపంలో గోడల మీది పాత రంగుల బొమ్మలు వెలిసిపోతున్నాయి, వాటి మీద చేయి వేయవద్దు. మధ్వాచార్యుల శిష్యుడైన నరహరి తీర్థుల 1281 నాటి శాసనం ఇక్కడిదే. అక్షరాలు చదవలేకపోయినా రాతి మీద ఆ వరుసలను చూడండి. పక్కనే శ్వేత పుష్కరిణి. అది ఈత చెరువు కాదు, పితృకార్యాలు చేసేవారు దుఃఖంతో వచ్చే చోటు, అక్కడ ఫోటోలు వద్దు. ఆవరణలో పెంచే నక్షత్ర తాబేళ్లను దూరం నుంచే చూడాలి.

భోజనం దారిలో ముగించుకుని రెండున్నర, మూడు గంటలకు పొందూరు చేరండి. శ్రీకాకుళం మీదుగా గంటకు పైగా పడుతుంది. ఈ రోజంతటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఈ చివరి మజిలీ. ఇక్కడి ఆడవారు గింజతో ఉన్న దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడలోని సన్నని పళ్లు నలకలను తీసేసి పోగులను ఒక్క దిక్కుకు సర్దుతాయి. తరువాత చెక్క మీద ఇనుప కడ్డీ దొర్లించి గింజ తీస్తారు, వింటితో ఏకుతారు, ఏకులు చుట్టి ఎండిన అరటి దవ్వలో దాస్తారు, మురికి పట్టకుండా. ఆ ఏకుల నుంచి రాట్నం మీద 100 కౌంటు నూలు వస్తుంది. ఒక పౌండు దూది నుంచి 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) నూరు తీయడమన్నమాట. ఆ దారాన్ని పరిచితే దాదాపు 77 కిలోమీటర్లు. ఈ లెక్క చెప్పాక మా మేనకోడలు ఆ దారాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

వారు చిలపల లెక్కన కూలి తీసుకుంటారు. మీ ఫోటో కోసం చేయి ఆపితే వారి కూలి ఆగుతుంది. అనుమతి అడిగి, పక్కన కూర్చుని, పని సాగుతుండగా చూడండి. రాట్నం తిప్పి చూడాలని ఉంటే ఏకు తెగుతుందని గుర్తుంచుకోండి, ఆ నష్టం మీరే ఇవ్వాలి. బట్ట కొనేటప్పుడు వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. చేతి నూలులో సన్నమూ లావూ కొద్దిగా మారుతూ కనిపిస్తుంది, మిల్లు నూలు ఒక్క తీరుగా ఉంటుంది. ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం వారి దగ్గర కొంటే ఏది చేతి నూలో అడిగి తెలుసుకోవచ్చు. పంచె ఖరీదు చూసి వెనుకాడేవారు కనీసం ఒక తువ్వాలు తీసుకోండి.

రాత్రి రైలు ఉన్నవారు మళ్లీ పట్టణంలోకి రానక్కరలేదు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఆమదాలవలసలో ఉంది, పొందూరు నుంచి నేరుగా అక్కడికే వెళ్లిపోవచ్చు. తడి బట్టల మూట కిటికీ పక్కన పెట్టుకోండి, తెల్లారేసరికి ఆరిపోతాయి.