వరి మడిలో అడుగు పైపు ముక్క

వరి మడిలో నీళ్లు కాస్త ఇంకితే చాలు, కంగారుపడి మోటారు వేసేవాళ్లం. ఈసారి అడుగు పొడవు, 4 అంగుళాల వెడల్పు ఉన్న ప్లాస్టిక్ పైపు ముక్కకు కింది 8 అంగుళాల మేర చుట్టూ సన్నని రంధ్రాలు పెట్టాం. ఆ భాగాన్ని గట్టుకు కొంచెం ఎడంగా మడిలోకి దింపి, లోపలి మట్టి తీసేశాం. నాట్లు వేసిన రెండు వారాల తరువాత నుంచి, పైపులో నీళ్లు నేలమట్టానికి 6 అంగుళాల కిందికి దిగాకే మళ్లీ మడిలో 2 అంగుళాల ఎత్తు నీళ్లు పెట్టాలి. తడులు బాగా తగ్గాయి. గాలి అందని బురదలో పుట్టే మీథేన్ కూడా తగ్గుతుంది. కార్బన్ డయాక్సైడ్ కంటే ఎన్నో రెట్లు వేడిని పట్టి ఉంచే వాయువు అది. పూత సమయంలో మాత్రం ఆరబెట్టకండి, తాలు పడుతుంది. చౌడు నేలల్లో అసలు వద్దు.