లూయిస్ చుక్కల నిర్మాణం: అయానిక సమ్మేళనాలు గీసే ముందు

లూయిస్ బొమ్మలో ఒక్కో చుక్క అంటే పరమాణువు బయటి కక్ష్యలోని ఒక ఎలక్ట్రాన్. పదో తరగతి ప్రీ ఫైనల్ పేపర్లు దిద్దుతుంటే టెన్షన్ పట్టుకుంది. బాగా చదివే పిల్లలు కూడా మెగ్నీషియం క్లోరైడ్ బొమ్మలో మధ్యన మెగ్నీషియం, రెండు పక్కలా క్లోరిన్ వేసి, వాటి మధ్య పంచుకున్నట్టు చుక్కల జంటలు పెట్టారు. ఎలక్ట్రాన్ల లెక్క సరిపోయింది, బొమ్మ శుభ్రంగా ఉంది, బంధమే తప్పు.

ఎందుకిలా జరుగుతోందో తెలుసు. అదే పాఠంలో బెరీలియం క్లోరైడ్ ఉంది. అది సమయోజనీయం, అక్కడ జంటలు పంచుకోవడమే సరైనది. ఆ బొమ్మ గుర్తుంచుకుని, బెరీలియం చెరిపి మెగ్నీషియం రాస్తున్నారు. అలా రాయకండి. అయానిక బంధంలో పంచుకోవడం ఉండదు. లోహం ఎలక్ట్రాన్లను ఇచ్చేసి ధనావేశ అయాన్ అవుతుంది, అలోహం తీసుకుని రుణావేశ అయాన్ (ఆనయాన్) అవుతుంది. రెండు గుర్తుల మధ్య ఉమ్మడి జంట ఉండకూడదు.

ఉప్పు స్ఫటికాన్నే తీసుకోండి. ఒక్కో సోడియం అయాన్ చుట్టూ ఆరు క్లోరైడ్ అయాన్లు, ఒక్కో క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియం అయాన్లు ఉంటాయి. అందులో ఫలానా సోడియం ఫలానా క్లోరిన్‌తో జత కట్టిందని చెప్పలేం, విడిగా సోడియం క్లోరైడ్ అణువూ ఉండదు. జంట గీస్తే లేని అణువును ఉన్నట్టు చూపించినట్టే. ఉప్పు కరిగి ద్రవంగా మారడానికి 801 డిగ్రీల సెల్సియస్ కావాలి, హైడ్రోజన్ క్లోరైడ్ మామూలు గది వేడికే వాయువు. ఈ రెండింటి బొమ్మలూ ఒకేలా ఉంటే ఆ తేడాకు అర్థమే లేదు.

గీసే ముందు

పక్కన ఎలక్ట్రాన్ విన్యాసం, అంటే లోపలి కక్ష్య నుంచి బయటికి ఒక్కో కక్ష్యలో ఎన్ని ఎలక్ట్రాన్లో రాసుకోండి: సోడియం 2, 8, 1, మెగ్నీషియం 2, 8, 2, క్లోరిన్ 2, 8, 7, ఆక్సిజన్ 2, 6. లోహం ఎలక్ట్రాన్లకు ఇంటూ గుర్తు, అలోహానికి చుక్క వాడండి. క్లోరైడ్ చుట్టూ ఏడు చుక్కలు, ఒక ఇంటూ కనిపిస్తే ఎలక్ట్రాన్ ఎటు వెళ్లిందో దిద్దేవారికి చూడగానే తెలుస్తుంది.

గీసేటప్పుడు

అయాన్‌కు చదరపు బ్రాకెట్, దాని బయట కుడివైపు పైన ఆవేశం. బ్రాకెట్ మరిస్తే ఆ ఆవేశం ఎవరిదో తెలియదు.

మెగ్నీషియం క్లోరైడ్‌లో రెండు క్లోరైడ్లను విడివిడిగా గీయండి, ఒకే బ్రాకెట్‌లో కుక్కకండి.

సోడియం ఆక్సైడ్‌లోనూ అంతే. రెండు సోడియం అయాన్లు వేరువేరు, ఒక్కోదానికి ఒక్క ప్లస్.

ఇచ్చేసిన ఎలక్ట్రాన్‌ను లోహం పక్కన మళ్లీ పెట్టకండి. అది అప్పటికే ఆనయాన్ దగ్గర ఉంది.

సోడియం హైడ్రైడ్ అడిగితే హైడ్రోజన్‌కు రెండే ఎలక్ట్రాన్లు. బయటి కక్ష్యలో ఎనిమిది ఉండాలనే అష్టకం అలవాటులో ఎనిమిది పెట్టకండి.

అమోనియం క్లోరైడ్‌లో నత్రజని, హైడ్రోజన్ మధ్య ఎలక్ట్రాన్లు పంచుకోవడం ఉంది, కానీ అది అమోనియం బ్రాకెట్ లోపలే. క్లోరైడ్ దాకా తేకండి.

పూర్తయ్యాక ఆవేశాలు కూడండి, సున్నా రావాలి.

వేలన్సీ ఎలక్ట్రాన్లు (బయటి కక్ష్యలోవి) మొదట ఎన్నో చివరా అన్నే. మెగ్నీషియం క్లోరైడ్‌కు 16, అల్యూమినియం ఆక్సైడ్‌కు 24.

లెక్క సరిపోయిందని పేజీ తిప్పేయకండి. తప్పు బొమ్మలోనూ 16 వస్తుంది. గుర్తుల మధ్య చూడండి. జంట కనిపిస్తే కొట్టేయండి, మొదటి నుంచి గీయండి.

టైమ్ లేకపోతే ఎలక్ట్రాన్ ఎటు వెళ్లిందో చూపే బాణాలు వదిలేయండి, రంగులు వదిలేయండి. బ్రాకెట్లు, ఆవేశాలు వదలకండి. అయానిక సమ్మేళనంలో లోహానికీ అలోహానికీ మధ్య జంట మాత్రం పెట్టకండి.