మాట్లాడే ఇంగ్లీషు – 8వ పాఠం: ‘కొను’ పోయి ‘మై’ వచ్చే చోటు

పోయిన వారం ఇచ్చిన వాక్యాల్లో ఎక్కువమందిని బోల్తా కొట్టించింది ఒకటే: ‘అతను ఆమెను పెళ్ళి చేసుకున్నాడు.’ ‘హి మ్యారీడ్ విత్ హర్’ అని రాసినవాళ్ళు ఆ ‘విత్’ కొట్టేయండి. ‘హి మ్యారీడ్ హర్’, అంతే. పెళ్ళయి ఉన్న సంగతి చెప్పాలంటే ‘హి ఈజ్ మ్యారీడ్ టు హర్’. ఆ తెలుగు వాక్యం చివర ‘చేసుకున్నాడు’ ఉంది చూశారా, అందులో క్రియకి తోకలా తగిలిన ‘కొను’ (చేసు + కొను) ఈ వారం మన పని.

బెంగళూరు మారతహళ్ళిలో మా పీజీ మేడ మీద ఆదివారం పొద్దున ఒక గంటసేపు ఇంగ్లీషే మాట్లాడాలని కట్టడి. తెలుగు దొర్లితే పది రూపాయలు డబ్బాలో వెయ్యాలి. మొన్న కర్నూలు అబ్బాయి ఉప్మా ముగించి లేస్తూ, “వన్ మినిట్, ఐ విల్ వాష్ హ్యాండ్ అండ్ కమ్” అన్నాడు. ఒక్క తెలుగు ముక్క లేదు, వాక్యం మాత్రం నిలువెల్లా తెలుగే. చెయ్యి కడుక్కుని వస్తా. పది రూపాయలు పడతాయా పడవా అని కాసేపు పంచాయితీ నడిచింది. తుమకూరు నుంచి వచ్చిన కన్నడ అబ్బాయి ఆ వాక్యంలో తప్పేముందో తనకీ తెలియలేదన్నాడు. వాళ్ళూ ‘కై తొళ్కొండు బర్తీని’ అంటారు మరి. మన ‘కొను’కి కన్నడంలో ‘కొళ్ళు’ తోబుట్టువు.

కడిగాను, కడుక్కున్నాను. ఈ రెంటికీ తేడా మనకి పుట్టుకతో తెలుసు. గిన్నె కడిగాను, చెయ్యి కడుక్కున్నాను. చెయ్యి ఎవరిదో వేరే చెప్పం, ఆ సంగతి ‘కొను’ చూసుకుంటుంది. ఇంగ్లీషు క్రియకి అలాంటి తోక లేదు. అందుకని అది ఎవరిదన్న సంగతిని నామవాచకం నెత్తిన పెడుతుంది: ‘ఐ వాష్డ్ మై హ్యాండ్స్’. ‘మై’ తీసేస్తే ఇంగ్లీషువాడి చెవికి ఎవరి చేతులో తెలియని చేతులవుతాయి. (మనం తినేది ఒక చేత్తోనే కనక మావాడు ‘హ్యాండ్’ అన్నాడు. వాళ్ళు రెండూ కడుగుతారు.) ఇక ‘అండ్ కమ్’ జోలికే వెళ్ళకండి. ‘లెట్ మి వాష్ మై హ్యాండ్స్, ఐ విల్ బి రైట్ బ్యాక్’ అంటే చాలు.

ఇందిరానగర్ మాక్స్‌ముల్లర్ భవన్‌లో జర్మన్ నేర్చుకుంటున్న అమ్మాయి ఒకామె మా గుంపులో ఉంది. జర్మన్‌లో దీన్నే ‘నాకు ఆ చేతులు కడుగుతాను’ అన్నట్టు చెబుతారట: ‘ఇష్ వాషె మీర్ డీ హెండె’. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులోనూ ఆ ‘నాకు’ పద్ధతి ఉండేది. తర్వాత అది అరిగిపోయి ‘మై’, ‘హిజ్’, ‘హర్’ ఆ చోటు ఆక్రమించాయి.

కాబట్టి నోట్లో ‘కొను’ మెదలగానే ‘ఎవరిది?’ అని ఒకసారి మిమ్మల్ని మీరే అడగండి. మనసు మార్చుకున్నాను: ఐ చేంజ్డ్ మై మైండ్. మాట నిలబెట్టుకున్నాడు: హి కెప్ట్ హిజ్ వర్డ్. ఉద్యోగం పోగొట్టుకుంది: షి లాస్ట్ హర్ జాబ్. చదువుకున్నాను, పడుకున్నాను, అనుకున్నాను లాంటివాటికి ఇది వర్తించదు. వాటిలో ఒకరి సొంతమైన వస్తువేదీ లేదు.

ఆ తర్వాత వచ్చే ప్రిపొజిషన్ (ఆన్, విత్, బై లాంటి చిన్న మాట) దగ్గరే అసలు తంటా. ‘ఐ చేంజ్డ్ మై మైండ్ అబౌట్ ద జాబ్’ సులువు, మన ‘గురించి’ అక్కడ అతికినట్టు సరిపోతుంది. ‘అతని మీద కోపం ఆపుకోలేకపోయాను’కి మాత్రం ‘ఆన్’ పనికిరాదు: ‘ఐ లాస్ట్ మై టెంపర్ విత్ హిమ్’. నాకు అన్నిట్లోకీ ఇష్టమైనది ‘చేతులు దులుపుకున్నారు’. ‘దే వాష్డ్ దెయిర్ హ్యాండ్స్ ఆఫ్ ఇట్’. మనం దులుపుకుంటాం, వాళ్ళు కడుక్కుంటారు. బైబిల్లో పిలాతు జనం ఎదుట నీళ్ళు తెప్పించి చేతులు కడుక్కున్న ఘట్టం నుంచి వచ్చిన మాట అది.

‘కొను’ లేకపోతే చాలాసార్లు ఆ వస్తువు ఇంకొకరిది. తల్లి బిడ్డ చేతులు కడిగింది: ‘ద మదర్ వాష్డ్ ద బేబీజ్ హ్యాండ్స్’. ఆ చివరి ‘జ్’ని మనవాళ్ళు మింగేస్తారు. కారణం ఉంది. ‘శ్రీనివాస్ బండి’ అంటాం, మధ్యలో ఏమీ చేర్చం. అదే అలవాటున ‘శ్రీనివాస్ బైక్’ అనేస్తాం. ‘శ్రీనివాసిజ్ బైక్’ అనాలి. స్, ష్, జ్, చ్ శబ్దాలతో ముగిసే పేరుకి ‘ఇజ్’, కార్తీక్ లాంటి పేరుకి ఉత్త ‘స్’, రవికి ‘జ్’. కొత్తలో నోరు తిరగదు. బాత్రూంలో పదిసార్లు అనుకోండి.

ఇప్పుడు దీనికి ఎదురు నడిచేది ఒకటి. మేనేజరు నా వీపు తట్టాడు. ‘హి ప్యాటెడ్ మై బ్యాక్’ తప్పు కాదు గానీ, మామూలుగా వినపడేది ‘హి ప్యాటెడ్ మి ఆన్ ద బ్యాక్’. మనిషిని ‘మి’ అని ముందే చెప్పేశాక, ఒంట్లో ఏ భాగమో ప్రిపొజిషన్ చూపిస్తుంది, ‘మై’ బదులు ‘ద’ వస్తుంది. తల మీద కొట్టాడు: హి హిట్ మి ఆన్ ద హెడ్. కాలర్ పట్టుకున్నాడు: హి గ్రాబ్డ్ మి బై ద కాలర్. తగిలేదానికి ‘ఆన్’, పట్టుకునేదానికి ‘బై’. ‘నా కళ్ళలోకి చూసి చెప్పు’ అయితే ‘లుక్ మి ఇన్ ది ఐ’. రెండు కళ్ళతో చూస్తున్నా ‘ఐ’ ఒకటే, ఎందుకని నన్నడక్కండి.

సిల్క్‌బోర్డు దగ్గర కిక్కిరిసిన బస్సులో ఎవరో కాలు తొక్కారనుకోండి. పై సూత్రం పట్టుకుని ‘హి స్టెప్డ్ మి ఆన్ ద ఫుట్’ అనకండి. ‘స్టెప్’ అనే క్రియ మనిషిని నేరుగా పట్టుకోలేదు. ‘హి స్టెప్డ్ ఆన్ మై ఫుట్’. క్రియ పక్కన ‘మి’ నిలబడగలదా అని చూడండి. హిట్ మి, గ్రాబ్ మి నిలబడతాయి, స్టెప్ మి కూలిపోతుంది. కూలినచోట ‘మై’ తిరిగి వస్తుంది.

ఈ వారానికి ఐదు వాక్యాలు. కాగితం మీద రాయకముందు పైకి అనండి.

అమ్మ పాప జుట్టు దువ్వింది. పాప తనే జుట్టు దువ్వుకుంది. వాడు నా చెయ్యి పట్టుకుని లాగాడు. రమేష్ రూమ్‌లో గొడుగు మర్చిపోయాను. మెట్లమీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు.

చివరిదాంట్లో వాడు కావాలని విరగ్గొట్టుకోలేదు కదా, ‘హి బ్రోక్’ అనొచ్చా అని కర్నూలు అబ్బాయి అప్పుడే అడిగాడు. అనొచ్చు. ఎందుకో 9వ పాఠంలో చూద్దాం.