మానవ ఇంటర్‌ఫెరాన్ ఉపరకాల బంధుత్వాన్ని తేల్చడం ఎలా

1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మాన్ ఇంటర్‌ఫెరాన్ అని పేరు పెట్టిన పదార్థం, అంటే వైరస్‌ను అడ్డుకునేందుకు కణాలు విడుదల చేసే ప్రొటీన్, నిజానికి ఒక పెద్ద కుటుంబం. అందులో ఎవరు ఎవరికి దగ్గరో తేల్చాలంటే ముందు జన్యువుల వరుసలతో వంశవృక్షం గీసుకొని, యాంటీబాడీ పరీక్షల ఫలితాన్ని ఆ తరువాత దాని పక్కన పెట్టి చదవడం మేలు.

మొదట ఎవరిని కూర్చోబెట్టాలో నిర్ణయించుకోవాలి. 9వ క్రోమోజోమ్ పొట్టి భుజం మీద 13 ఆల్ఫా జన్యువులు, వాటితోపాటు బీటా, ఒమేగా, ఎప్సిలాన్, కప్పా జన్యువులు గుంపుగా ఉన్నాయి. ఆల్ఫా 1, ఆల్ఫా 13 జన్యువుల నుంచి వచ్చే పరిణత ప్రొటీన్ ఒక్కటే కనుక లెక్కకు మిగిలే ఆల్ఫా ప్రొటీన్లు 12. 12వ క్రోమోజోమ్‌పై ఉన్న గామా పేరుకే చుట్టం, దాన్ని ఈ వృక్షంలో కలపకూడదు. ఆల్ఫా 2ఏ, 2బి అనేవి కూడా వేర్వేరు ఉపరకాలు కావు: 23వ స్థానంలో ఒకదానికి లైసిన్, మరొకదానికి ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం ఉన్న ఒకే జన్యువు రూపాంతరాలవి.

తరువాత సంకేత పెప్టైడ్‌ను (ప్రొటీన్ పరిణతి చెందేటప్పుడు తెగిపోయే మొదటి ముక్కను) తొలగించి వరుసలను సరిపోల్చాలి. ఆల్ఫా 2లో 165 అమైనో ఆమ్లాలే ఉంటాయి, మిగిలిన ఆల్ఫాలలో సాధారణంగా 166. 44వ స్థానం దగ్గర ఖాళీ విడవకపోతే అక్కడి నుంచి పోలిక అంతా ఒక అడుగు పక్కకు జరుగుతుంది. ఆల్ఫాల మధ్య పోలిక సుమారు 75 శాతానికి పైనే ఉండగా, ఒమేగాతో 60 శాతం, బీటాతో 30 శాతం దరిదాపుల్లో ఉంటుంది. అందుచేత ఆల్ఫా, ఒమేగాల వృక్షానికి మొదలు ఎక్కడో గుర్తించేందుకు బీటాను దూరపు చుట్టంగా నిలపవచ్చు. అయితే పక్కపక్కనే ఉన్న ఆల్ఫా జన్యువులు ఒకదాని ముక్కను మరొకటి నకలు చేసుకుంటాయి. కాబట్టి ప్రొటీన్ మొత్తానికి ఒకే చెట్టు గీసి ఊరుకోకుండా, వరుసను భాగాలుగా విడదీసి మళ్లీ గీసి చూడాలి.

ఇక యాంటీబాడీ పరీక్ష. ఒక ఉపరకానికి వ్యతిరేకంగా తయారైన యాంటీబాడీ మిగతావాటిని ఎంతవరకు నిర్వీర్యం చేస్తుందో ఇందులో చూస్తాం. ప్రతి ఉపరకాన్నీ బరువు లెక్కన కాక, వైరస్‌ను అడ్డుకునే శక్తి లెక్కన సమానంగా తీసుకోవాలి, ఎందుకంటే ఒకే బరువుకు వాటి శక్తి ఒక్కటి కాదు. మిల్లీలీటరుకు 10 యూనిట్ల శక్తిని 1 యూనిట్‌కు తగ్గించే సీరమ్ (యాంటీబాడీలున్న రక్తద్రవం) పలుచనను నమోదు చేయాలి. మోనోక్లోనల్ యాంటీబాడీ ప్రొటీన్ మీద ఒక్క చిన్న చోటును మాత్రమే గుర్తిస్తుంది. ఆ చోట ఒక్క అమైనో ఆమ్లం మారినా దగ్గరి చుట్టం పరాయిదిలా కనిపించవచ్చు. చాలా చోట్లను ఒకేసారి గుర్తించే పాలీక్లోనల్ సీరమ్ ఈ విషయంలో ఎక్కువ నమ్మదగినది. యాంటీబాడీ అతుక్కుందో లేదో మాత్రమే చూపే ఎలైజా పరీక్షలో అతుక్కున్నంత మాత్రాన నిర్వీర్యం చేసినట్టు కాదని కూడా గుర్తుంచుకోవాలి.

రెండు ఫలితాలూ కలిసే సందర్భం మనుషుల రక్తంలోనే కనిపిస్తుంది. తీవ్రమైన కోవిడ్ వచ్చిన కొందరిలో దొరికిన స్వీయ యాంటీబాడీలు (సొంత శరీరపు ప్రొటీన్ల మీదే పనిచేసేవి) ఆల్ఫాలను, ఒమేగాను తరచుగా అడ్డుకున్నాయి, బీటాను మాత్రం అరుదుగా.