నెల్లూరు–ఒంగోలు లోకల్ మెము అడిగే ముందు చూసుకోవాల్సినవి

మెము (దగ్గరి ఊళ్ళ మధ్య తిరిగే కరెంటు లోకల్ బండి) కావాలని రైల్వేకి అర్జీ పెట్టే ముందు ఇవి చూసుకోండి, ఉత్తినే ట్రైన్ కావాలి అంటే ఎవరూ వినరు.

- ముందు పాత్ ఉందో లేదో, అంటే మిగతా బళ్ళ మధ్య మన బండి నడవడానికి టైం ఖాళీ. ఇది చెన్నై–విజయవాడ మెయిన్ లైన్ అండి, సూపర్‌ఫాస్ట్‌లు, గూడ్స్ అన్నీ ఇందులోనే, పొద్దున 7 నుంచి 10 లోపు ఖాళీ ఎక్కడుందో పేపర్ మీద గీసి చూడాలి, లేదంటే మన బండిని మధ్యలో తలమంచి స్టేషన్లోనో తెట్టు స్టేషన్లోనో లూప్‌లో (పక్క పట్టాల మీద) పెట్టి ఎక్స్‌ప్రెస్‌లు ఒక్కోటి పంపిస్తా ఉంటారు, ఆఫీసుకి పోయేవాళ్ళు రెండోరోజే బస్సెక్కేస్తారు. ఇక్కడ వేస్తున్న మూడో లైన్ ఎంతవరకు వాడకంలోకి వచ్చిందో కూడా కనుక్కోండి.
- ప్లాట్‌ఫాం ఎత్తు. ఉలవపాడులో మామిడికాయల బుట్ట నెత్తినపెట్టుకున్న పెద్దావిడ ఒక చేత్తో కడ్డీ పట్టుకుని ఎక్కగలదా? అది చూడండి చాలు.
- రాత్రి బండి ఎక్కడ ఆపుతారు, ఎక్కడ కడుగుతారు. నన్నడిగితే బిట్రగుంటే, పాత రైల్వే ఊరు.
- పెన్నా వరద. 2021 నవంబర్లో నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర పట్టాల కింద మట్టికట్టే కొట్టుకుపోయింది, అలాంటప్పుడు కావలి నుంచి ఒంగోలు వరకైనా నడిపే ప్లాన్ ముందే రాసిపెట్టుకోవాలి.
- స్టేషన్ బయట షేర్ ఆటో దొరుకుతుందో లేదో.